పార్శిల్ బాబాయి కోళ్ళ బట్వాడా

పొద్దున్నే కాకులింకా రెక్కలు విదుల్చుకోకముందే, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చంకలో కోడిని ఇరికించుకుని, మా వెనకసందులో గుమ్మం గుమ్మానికీ తిరిగి ఎవరి కోడిని వాళ్ళింట్లో అప్పజెప్పి రావడం ఆ ఏడు వానాకాలం పొడుగునా పార్శిల్ బాబాయి పెట్టుకున్న నియమం. "ఎవరి కోడి వాళ్ళకి" అన్నది ఆయన మాట. చేతలకొస్తే, ఆ మూడు నెలల్లో ఒక్కటంటే ఒక్క కోడి కూడా సొంతింటికి చేరిన పాపాన పోలేదు.

వింత ఏమిటంటే, ఆయన ముప్ఫైనాలుగేళ్ళు రైల్వే పార్శిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అన్నేళ్ళలో ఒక్క మూట కూడా తప్పు ఊరు పోలేదని పెద్దాఫీసరు మైకులో చెప్పాడట. చీటీ ఊడిపోయిన బుట్టని కూడా ఓసారి ఎత్తి చూసి, ఓసారి వాసన చూసి, అది ఏ ఊరు వెళ్ళాలో చెప్పేసేవారట. అలాంటాయన మా నల్లపెట్టని తీసుకెళ్ళి దర్జీ గారింట్లోనూ, దర్జీ గారి చుక్కలపెట్టని తెచ్చి మా ఇంట్లోనూ దించి, "సరిచూసుకో అమ్మాయ్, నీ సరుకు నీకు చేరింది" అనేవారు.

"బాబాయ్, మాది నల్లది. దీనికి ఒంటినిండా చుక్కలున్నాయి."

"వానలో తిరిగొచ్చింది కదమ్మా. బురద చిందింది. ఆరితే పోతాయి."

ఆరాక చూస్తే చుక్కలు ఇంకా బాగా కనిపించేవి.

అసలు ఆ కోళ్ళన్నీ ఆయన చేతిలో ఎందుకు పడేవంటే, తప్పు వానది. మా వైపు వాన పడుతోందంటే ఎవరూ తల కూడా ఎత్తరు. ఆగిందంటే మాత్రం అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తారు. సందులో ఉన్నవి నాలుగు పెరళ్ళు. బాబాయిది, మాది, దర్జీ గారిది, నర్సమ్మ గారిది. మధ్యలో కంచెలు లేవు. మా గూళ్ళన్నిటి కిందా నీళ్ళు. బాబాయి గూడొక్కటే ఇటుకల మీద ఎత్తుగా, రేకుల కప్పుతో, లోపల పొడి ఊక పరిచి ఉండేది. సాయంత్రం చినుకు మొదలవగానే నాలుగిళ్ళ కోళ్ళూ సొంతిల్లు మర్చిపోయి ఆ గూట్లో దూరేవి. అంతకుముందు ఏళ్ళలో పొద్దున్న మేమే వెళ్ళి ఎవరివి వాళ్ళం ఏరి తెచ్చుకునేవాళ్ళం. ఆ ఏడు మాత్రం ఆయన, "మీకెందుకమ్మా వానలో శ్రమ? ఇంటికి తెచ్చివ్వడం నాకు అలవాటైన పనే" అని బట్వాడా మొదలెట్టారు. ఎంత మంచి మనిషో అనుకుని ఆ మొదటి రోజు ఆయన పేరు చెప్పి దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

నాలుగో రోజుకి ఆ దణ్ణం వెనక్కి తీసుకుందామా అనిపించింది.

దర్జీ గారిల్లు మేడ. పైన ఓ టైపిస్టు అద్దెకుండేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. జన్మలో కోడిని పెంచినవాడు కాదు. ఓ పొద్దున్న బాబాయి అతని తలుపు తట్టి ఓ పుంజుని చేతిలో పెట్టి, "మీది" అని చెప్పి దిగిపోయారు. కాదంటే పెద్దాయన నొచ్చుకుంటాడని ఆ అబ్బాయి మొహమాటపడి, మూడు రోజులు దాన్ని స్నానాల గదిలో పెట్టుకుని బిస్కట్లు వేసి పెంచాడు. నాలుగో రోజు దర్జీ గారు కొలతలు తీస్తూ తీస్తూ తలెత్తి, "నా పుంజు కూత ఆకాశంలోంచి వినిపిస్తోందేమిటి?" అన్నారు.

దర్జీ గారికి కోపం ముక్కుమీదే ఉంటుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా పోట్లాడగలరు. "ఏమండీ బాబాయి గారూ, మీకు చూపు పోయిందా, చిత్తం పోయిందా?" అని అడిగేశారు.

బాబాయి ఏమాత్రం తొణక్కుండా, "పొరపాటు జరిగి ఉంటే రాతపూర్వకంగా తెలియజెయ్యండి. ఏడు రోజుల్లో విచారిస్తాం" అన్నారు.

విచారణ ఫలితంగా చీటీలు వచ్చాయి. ప్రతి కోడి కాలికీ అట్టముక్క కట్టి, తన ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక వైపు ఇంటివాళ్ళ వివరం, రెండో వైపు "ప్రాణమున్న సరుకు. ఈ వైపు పైకి" అని రాశారు. వివరం రాసింది సిరాతో. హెచ్చరిక రాసింది మైనం పెన్సిలుతో. ఒక్క జల్లు పడేసరికి వివరాలన్నీ కారిపోయి, సందులో ఉన్న ఇరవైమూడు కోళ్ళూ "ఈ వైపు పైకి" అని చాటుకుంటూ తిరిగాయి.

అప్పుడు దర్జీ గారు రంగంలోకి దిగారు. "ఇలాంటివి గుడ్డతో పని" అని పీలికలు కత్తిరించారు. ఆయన కోళ్ళకి నీలం, మావాటికి పసుపు, నర్సమ్మ గారిదానికి ఆకుపచ్చ, బాబాయివాటికి ఎరుపు. ఆయనే కూర్చుని ఒక్కోదాని కాలికీ ముడి వేశారు. మర్నాటి పొద్దున్నకల్లా మా నల్లపెట్టకి ఒక కాలికి నీలం, రెండో కాలికి ఎరుపు. దర్జీ గారి పుంజుకి నాలుగు రంగులూ ఉన్నాయి.

"తడికి ముడులు బిగుసుకుని కాళ్ళు కోసుకుపోతాయేమోనని విప్పి, మళ్ళీ వదులుగా కట్టాను" అన్నారు బాబాయి.

"విప్పారు సరే. ఏది దేనికుందో చూసుకోవద్దూ?"

"చూశాను. చూసే కట్టాను."

చివరికి నా కోళ్ళేవో నాకే తెలియని స్థితి వచ్చింది. నూకలు చల్లి "బా బా" అని పిలిస్తే ఏడో ఎనిమిదో వచ్చేవి. నాకున్నవి ఆరు. వచ్చినవాటిని పొమ్మనడానికి నోరు రాక అన్నిటికీ వేసేదాన్ని. మా ఆయన కిటికీలోంచి చూసి, "రేపు నన్నూ చంకలో పెట్టుకుని తీసుకెళ్ళి ఏ ఇంట్లో దించుతాడో మీ బాబాయి. ఏ ఇల్లైనా ఫరవాలేదు, భోజనం వేళకి దించమను" అన్నారు.

బాబాయి సొంతిల్లు కూడా ఆ గందరగోళానికి మినహాయింపు కాదు. మా పిన్నికి ప్రాణంతో సమానమైన ఎర్రపెట్ట ఒకటుండేది. ఏడాది కూడా నిండలేదు, రోజుకో గుడ్డు పెట్టేది. మొదటి వారంలోనే అది కనపడకుండా పోయింది. "ఊళ్ళోవాళ్ళ కోళ్ళు సరే, ఇంటి పెట్టని కూడా ఎవరికో ఇచ్చేసి వచ్చారే! ఎవరికిచ్చారో గుర్తు తెచ్చుకోండి" అని పిన్ని రోజూ దులిపేసేది. ఆయన దులిపించుకుంటూ గొడుగు ఆరబెట్టుకునేవారు.

ఆ సందు మొత్తంలో విసుక్కోని మనిషి నర్సమ్మ గారొక్కరే. ఆవిడ పెద్దాసుపత్రిలో ముప్ఫైయేళ్ళు నర్సుగా చేసి, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్నారు. ఆవిడకున్నది ఒకే ఒక ఎర్రపెట్ట. ఏడేళ్ళది. ఎప్పుడో గుడ్లు మానేసింది. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోవడమే దాని ఉద్యోగం. వానలు మొదలైనప్పుడే ఆవిడకి ఒక కంటికి ఆపరేషన్ అయింది. నలభై రోజులకి రెండో కంటికీ చేశారు. ఆపరేషన్ అయిన నలభై రోజుల వరకూ కంట్లో నీళ్ళు రాకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక మా సందంతా ఆవిడ కళ్ళకి కాపలా. ఆవిడింటి వైపు గాలి వీస్తుంటే మేమెవరం ఉల్లిపాయ తరిగేవాళ్ళం కాదు. పోయినవాళ్ళ కబుర్లు ఆవిడ దగ్గర ఎత్తేవాళ్ళం కాదు. దర్జీ గారు కూడా ఆవిడ అరుగు ముందు నుంచి వెళ్ళేటప్పుడు తిట్టడం ఆపి, దాటాక మళ్ళీ అందుకునేవారు.

నల్లద్దాలు పెట్టుకుని, ఒళ్ళో పెట్టని నిమురుతూ, దారిన పోయే ప్రతివాళ్ళనీ ఆవిడ ఒకే మాట అడిగేవారు. "ఏమ్మా, మీ కోళ్ళు కూడా మారిపోయాయా?"

"మారిపోక! మా ఇంట్లో ఉన్నవి ఒక్కటీ మావి కావు పెద్దమ్మా."

"అలాగా" అని నవ్వేవారు ఆవిడ. మేము తల పట్టుకుంటుంటే ఆవిడకి అంత ఊరట ఎందుకో నాకు బోధపడేది కాదు.

ఆ రెండో నలభై రోజుల్లో ముప్ఫైనాలుగో రోజున దర్జీ గారు ప్రకటించేశారు. "పశువుల ఆసుపత్రికి అర్జీ పెట్టాను. రేపు కాంపౌండరు వచ్చి తెగులు రాకుండా చుక్కల మందు వేసి, ప్రతి కోడి కాలికీ నంబరు రింగు బిగిస్తాడు. ఏ కోడికి ఎన్నేళ్ళో చూసి, పుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాత కూడా బాబాయి గారు నా కోడి మీద చెయ్యేస్తే, పెరడు చుట్టూ ఇనుపవల కట్టేస్తాను. మాటలుండవు, మంచీచెడూ ఉండదు."

ఆ మధ్యాహ్నం బాబాయి అన్నం తినలేదని పిన్ని చెప్పింది. నేను చుక్కలపెట్టని తిరిగివ్వడానికి వాళ్ళ పెరట్లోకి వెళితే, జామచెట్టు కింద గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. గొడుగు తన మీద పట్టుకోలేదు. కింద ఉన్న ఓ రాయి మీద పట్టారు.

"ఏంటి బాబాయ్, వానలో?"

"అమ్మాయ్, ఆ రింగుల మనిషిని ఓ ఆరు రోజులు ఆగి రమ్మని దర్జీకి చెప్పగలవా?"

"ఆరు రోజుల్లో ఏం జరుగుతుంది?"

ఆయన రాయి వైపు చూశారు. "నర్సక్క కోడి ఇక్కడుంది."

నాకు అర్థం కాలేదు. రాయి వెనక ఎక్కడైనా పొదిగిందేమోనని వంగి చూశాను.

"కింద అమ్మాయ్."

నేను గబుక్కున రెండడుగులు వెనక్కేశాను.

"ఆసుపత్రికి వెళుతూ నాకు అప్పగించి వెళ్ళింది. ఎర్రపెట్ట ఒకటి, ప్రాణంతో. నేను పుచ్చుకున్నాను. పుచ్చుకున్నది పుచ్చుకున్నట్టు అప్పగించాలా వద్దా? మూడో రోజు తెల్లవారేసరికి బుట్టలో ఒత్తిగిలి పడుకున్నట్టే ఉంది. లేపితే లేవలేదు."

"అయ్యో. ముసలిది కదా బాబాయ్."

"మర్నాడే అక్క ఇంటికొస్తోంది. కంటికి కట్టు. నీళ్ళు రాకూడదంటాడు డాక్టరు. మీ పిన్ని ఎర్రపెట్టని తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. ఒక్కసారి నిమిరి, 'తమ్ముడూ, ఇది నాది కాదే' అంది. ఏం చెప్పను? 'ఈ ఏడు వానలకి సందులో కోళ్ళన్నీ కలిసిపోయాయి అక్కయ్యా, ఎవరిది ఎవరింట్లో ఉందో తెలియడం లేదు' అనేశాను. నోటికి అలా వచ్చేసింది."

"పోనీలెండి. అంతేగా?"

"అంతే ఎలా అవుతుందమ్మాయ్? అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాళ్ళనీ అడుగుతుంది, మీ కోళ్ళు కూడా మారిపోయాయా అని. ఒక్కళ్ళు లేదన్నా నా గుట్టు బయటపడిపోతుంది. పైగా నేను జన్మలో అబద్ధం ఆడలేదు. ఆడిన ఆ ఒక్కదాన్నీ అబద్ధంగా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. అందుకని..."

"అందుకని?"

"మర్నాడు పొద్దున్నే లేచి నిజం చేసేశాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చంకలో చుక్కలపెట్ట ఉన్న సంగతి కూడా మర్చిపోయి చేతులు జోడించాను. అది కింద పడి కొక్కొక్కొక్కో అని మా ఇంటివైపే పరిగెత్తింది.

"చీటీలు, పీలికలు కూడానా బాబాయ్?"

"సిరా ఏదో మైనం ఏదో నాకు తెలియదా తల్లీ? ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసు."

దర్జీ గారికి చెబుదామని వెళితే ఆయన ఎవరిదో పెళ్ళి కోటు కుట్టడానికి తలుపులేసుకున్నారు. తెల్లారాక చెబుదామనుకున్నాను. తెల్లారేసరికి కాంపౌండరు వచ్చేశాడు.

నర్సమ్మ గారి అరుగు ముందు తాటాకు పందిరిలో అందరినీ నిలబెట్టారు దర్జీ గారు. నాలుగు గంపలు, ఇరవైమూడు కోళ్ళు. బాబాయి చివర్న, పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడ్డారు. కాంపౌండరు మొదట నర్సమ్మ గారి ఒళ్ళోంచే కోడిని అందుకున్నాడు.

"ఎన్నేళ్ళదమ్మా ఇది?"

"ఏడేళ్ళది నాయనా. ఇది కాదనుకో, నా అసలుది."

కాంపౌండరు పెన్ను గాల్లోనే ఆగిపోయింది. కోడి కాళ్ళు వెనక్కి తిప్పి చూశాడు. "దీనికి ఏడాదే కదమ్మా! ఏడేళ్ళది ఎక్కడుంది మరి?"

దర్జీ గారు ఒక్క అంగలో ముందుకొచ్చారు. "ఏదీ చూడనివ్వండి. ఆ! ఇది బాబాయి గారి ఎర్రపెట్ట! పట్టేశాను. మరి ఈవిడ ముసలికోడి ఏమైనట్టు? ఇరవైమూడింట్లో ఒక్క ముసలిది లేదు. అంటే అది..."

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగేశాను. పరాయి మగవాడి చొక్కా పట్టుకోవడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. చూరు కిందికి తీసుకెళ్ళి, జామచెట్టు, రాయి, కట్టు, డాక్టరు, నలభై రోజులు అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన నోట్లోంచి గుండుసూదులు తీసి ఒక్కొక్కటీ చొక్కా అంచుకి గుచ్చుకున్నారు. 

తర్వాత పందిట్లోకి వెళ్ళి, "నేను పొరబడ్డాను. ఇది బాబాయి గారిది కాదు. ఎవరిదో నాకేం తెలుసు?" అన్నారు.

"ఇప్పుడే పట్టేశానన్నారు కదండీ" అన్నాడు కాంపౌండరు.

"అంటే? నాకు నా కోళ్ళే తెలియవు. ఇదిగో, ఈ చుక్కలది ఎవరిదంటారు? నేనీ కోడిని చూడ్డం ఇదే మొదటిసారి."

చుక్కలపెట్ట ఎగిరి ఆయన భుజం మీద కూర్చుంది.

"దానికి మీరు బాగానే తెలిసినట్టుందండీ" అన్నాడు కాంపౌండరు.

"ఈ ఊళ్ళో కోళ్ళకి సిగ్గూ శరమూ లేవు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద ఎక్కేస్తాయి. మీరు మందు చుక్కలు వేసి వెళ్ళండి. రింగులు వద్దు."

"అర్జీ పెట్టింది మీరే కదండీ!"

"నేను ఎండాకాలానికి పెట్టాను. మీరు వానల్లో వచ్చారు. ఏడేళ్ళ కోడి ఎక్కడో ఓ చోట సుఖంగానే ఉంటుంది. ఈ వర్షంలో దేన్నీ నమ్మడానికి లేదు."

నర్సమ్మ గారు గొంతు వచ్చినవైపు తల తిప్పి, "పాపం, దర్జీ బాబుకి అన్నిటికంటే ఎక్కువ మారిపోయినట్టున్నాయి. ఊరుకో నాయనా, దొరుకుతాయిలే" అని ఓదార్చారు. దర్జీ గారు ఓదార్పు పుచ్చుకుని తలూపారు. కాంపౌండరు ఒకసారి మా అందరి మొహాలూ చూసి, చుక్కలు వేసి, పుస్తకంలో ఏమీ రాయకుండానే సైకిలెక్కాడు.

మర్నాడు పొద్దున్న బాబాయితో పాటు రెండో గొడుగు కూడా సందులో తిరిగింది. దర్జీ గారు తన పుంజుని తనే తెచ్చి మా గూట్లో పెట్టి వెళ్ళారు.

నలభయ్యో రోజు దాటాక డాక్టరు నల్లద్దాలు తీయించి, రెండు కళ్ళూ చూసి, ఇక భయం లేదన్నాడు. నర్సమ్మ గారికి కొత్త కళ్ళజోడు వచ్చింది. ఆ సాయంత్రమే బాబాయి చెప్పేస్తానన్నారు. తోడు రమ్మని నన్నూ, దర్జీ గారినీ పిలిచారు. దారి పొడుగునా లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నారు. తీరా అరుగు ముందుకెళ్ళాక అదంతా మర్చిపోయి, "అక్కయ్యా, నీ సరుకు దారిలో పాడైపోయింది" అన్నారు.

మిగతాది నేను చెప్పాను.

ఆవిడ నిమరడం ఆపారు. ఒళ్ళో ఎర్రపెట్ట వీపు మీద చెయ్యి అలాగే ఉంది.

"నాది కాదని మొదటి రోజే తెలుసు నాకు. దాని ఒళ్ళు బరువు నా చేతికి తెలియదూ? నాది మీలో ఎవరింట్లోనో ఉందనుకున్నాను. దాన్ని వాళ్ళెవరో చూసుకుంటున్నారు కదా, వాళ్ళదాన్ని నేను బాగా చూసుకోవాలి అనుకుని దీన్ని చూసుకున్నాను." బాబాయి వైపు తిరిగి, "ఎక్కడ పెట్టావు?" అన్నారు.

"జామచెట్టు కింద. మూడడుగుల లోతున. పొడి ఊక పరిచి."

"నేను వెళ్ళేనాటికే మేత సగం మానేసింది తమ్ముడూ. దాన్ని చూసే వెళ్ళాను. నువ్వు చేసిందేమీ లేదు." కొత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఎదురుగా బాబాయి చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. పక్కన దర్జీ గారు సూది గుచ్చుకుందంటూ వేలు నోట్లో పెట్టుకున్నారు.

"ఇదేమిటర్రా!" అన్నారు నర్సమ్మ గారు. "ఆపరేషను నాకా, మీకా? వార్డు గుమ్మంలో నిలబడి ముప్ఫైయేళ్ళు చెడ్డ కబుర్లు చెప్పినదాన్ని. ఒక్క కబురు ఆపడానికి సందు మొత్తాన్ని తలకిందులు చేసిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. అదీ కొత్త కళ్ళతో."

అందరం నవ్వాం. బాబాయి కూడా నవ్వి, ముఖం తుడుచుకుని, వెళ్ళడానికి లేచి మళ్ళీ కూర్చున్నారు. గొడుగు పిడి తిప్పుతూ కాసేపు నసిగారు.

"అక్కయ్యా, నాకో చిన్న సాయం చేసిపెట్టాలి."

"చెప్పు."

"నీకిప్పుడు సందులో అందరికంటే మంచి చూపు కదా. ఓసారి మా పెరట్లోకి వచ్చి, మా కోళ్ళేవో కాస్త ఏరిపెట్టవూ? మార్చీ మార్చీ నాకే తెలియకుండా పోయింది. ఈ ఎర్రదాని జోలికి మాత్రం వెళ్ళకు, ఇది నీ దగ్గరే ఉండనీ. మిగతావి చాలు. రాత్రికల్లా తేల్చకపోతే మీ మరదలు అన్నం పెట్టనంది."